చంద్రశిల దిగుతూ వేసిన కేక

హిమాలయాలకు వెళ్ళొచ్చానని చెబితే, హైదరాబాద్‌లో సినిమా జనమంతా ఉండే మా కృష్ణానగర్‌లో ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న, “ఏ సినిమా షూటింగూ?” అని. కాదండీ బాబూ, సొంత డబ్బులతో, సొంత కాళ్ళతో వెళ్ళానంటే నమ్మరు. రెండో ప్రశ్న నా కుడికాలి కట్టు చూసి వేస్తారు. దానికి జవాబు చాలా పొడుగు. వీధిలో ఒక్కొక్కరికీ చెప్పేందుకు ఓపికా లేదు, నిలబడే కాలూ లేదు. అందుకే ఇలా కూర్చుని రాసేస్తున్నాను. ఇంతవరకూ కొండ ఎక్కనివాళ్ళు ఇది చదివి బయల్దేరాలని నా కోరిక.

నన్ను మీరు చూసి ఉండరు గానీ విని ఉంటారు. పేరు వనజ, ఊరు తణుకు, వృత్తి డబ్బింగ్. హీరోయిన్ బావిలో పడినా, విలన్ ఆమె జుట్టు పట్టి లాగినా, మీద బల్లి పడినా హాల్లో మీకు వినిపించే కేక చాలాసార్లు నాది. మాటలు వేరే అమ్మాయి చెబుతుంది, కేకలకు మాత్రం నన్ను పిలుస్తారు. పెళ్ళి సీన్లలో వెనకనుంచి “అయ్యో, పెళ్ళికూతురు కనిపించట్లేదు!” అనే గొంతు కూడా నాదే. పదేళ్ళుగా ఇదే పని. స్టూడియోల్లో నా పేరు కూడా మరిచిపోయారు, “కేకలమ్మాయిని పిలవండి” అంటారు.

అలాంటిది ఈ వేసవిలో దేవుడు కళ్ళు తెరిచాడు. ఒక కొత్త సినిమాలో హీరోయిన్ పాత్ర మొత్తం నాకిచ్చారు. కేకలు కాదు, మాటలు! మొదటి సీను నుంచి ఆఖరి సీను దాకా! డబ్బింగ్ చూసుకునే మూర్తిగారు ఫోన్లో ఈ మాట చెప్పాక ఇంకో మాట కూడా చెప్పారు.

“చూడమ్మా వనజా, సోమవారం మొదలుపెడుతున్నాం. అప్పటిదాకా చల్లగాలి, చన్నీళ్ళు, అరుపులు మూడూ వద్దు. గొంతు కాస్త జీరబోయినా డైరెక్టరు ఆగడు. ఇంకో అమ్మాయిని కూడా చూసి పెట్టుకున్నాడు.”

“అలాగేనండీ” అన్నాను. ఆ సోమవారానికి ముందు వారమంతా హిమాలయాల్లో ఉండబోతున్నానని మాత్రం చెప్పలేదు. ఎలా చెబుతాను? టికెట్లు ఎప్పుడో తీసేశాం.

తీసింది మా సుగుణక్క. మా మేడమీద గదిలో ఉంటుంది, షూటింగుల్లో హెయిర్ డ్రెస్సర్. సిద్దిపేట వైపు మనిషి. హీరోయిన్లకు సవరాలు పెట్టీ పెట్టీ విసుగెత్తి, ఒక్కసారైనా మంచు చూడాలని ఏడాదిగా నా ప్రాణం తీసింది. నేను రాలేనని చెప్పేసరికి కయ్యిమంది.

“ఏందీ? టికెట్లు తీస్కున్నంక రానంటవా? గొంతు నోట్ల ఉంటది, నడిచేది కాళ్ళతోని. జర నోరు మూస్కొని నడువు, ఏం గాదు.”

ఆ సలహాను నేను అక్షరాలా పాటించాను. జరిగినదంతా దాని ఫలితమే.

ముందుగా మా కొండలు

హిమాలయాలకు ముందు కాళ్ళకు అలవాటు కావాలి కదా! మాకూ కొండలున్నాయి, పేరులోనే హిల్స్ ఉంది. కాకపోతే జూబ్లీహిల్స్ కొండల్ని ఎక్కేది కార్లు. సాయంత్రాలు నేనూ అక్కా కృష్ణానగర్ సందుల్లోంచి బయటపడి, ఫిల్మ్‌నగర్ గుడి దాకా ఎగశ్వాసతో నడిచేవాళ్ళం. వీపులకు బరువు కోసం బియ్యం మూటలు కట్టిన సంచులు. పెద్ద గేటు కనిపించినచోట ఆయాసం తీర్చుకోవడానికి ఆగితే చాలు, వాచ్‌మన్ బయటికొచ్చి, “సార్ లేరమ్మా, ఔట్‌డోర్‌కి పోయిండు. ఫోటోలుంటే ఇచ్చి పోండి” అనేవాడు. వేషాల కోసం తిరుగుతున్నామనుకునేవారు పాపం. ఒకాయన జాలిపడి మంచినీళ్ళు కూడా ఇచ్చాడు.

“ఏ వయసుల వేషాలడుగుతున్నమనుకున్నడో!” అని అక్క ఆ నీళ్ళు తాగుతూనే నవ్వింది. తనకు నలభై ఆరు.

రుషీకేశ్: నాకు డబ్బింగ్

ఢిల్లీ దాకా రైల్లో మామూలుగానే మాట్లాడాను. రుషీకేశ్‌లో గంగ మీద నుంచి చల్లగాలి కొట్టగానే గుండె గుభేలుమంది. మఫ్లరు రెండు చుట్లు చుట్టి, ఇక సోమవారం దాకా మాట్లాడనని సైగ చేశాను. అక్క చేతులు జోడించి “దండం తల్లీ, ఇన్నేండ్లకు మా చెవులకు సుఖం” అంది.

అక్కడినుంచి నా తరఫున అక్కే మాట్లాడింది. జీవితమంతా ఎవరెవరికో గొంతిచ్చిన నాకు మొదటిసారి ఒక మనిషి డబ్బింగ్ చెప్పింది. చెప్పింది గానీ, లిప్ సింకే కుదరలేదు! నేను గొంతు పట్టుకుని చూపిస్తే వేడినీళ్ళని అర్థం. అక్క హోటలువాడితో, “భాయ్, ఇసకో దో పరాటే హోనా” అనేది. రెండూ తనే తినేది. మన హైదరాబాద్ హిందీ అక్కడివాళ్ళకు వింతగా ఉంది. అవునని చెప్పడానికి అక్క “హౌ” అన్నప్పుడల్లా ఒక దుకాణదారు చెయ్యి ఆపి ముఖంలోకి చూసేవాడు. టీ మాత్రం చిన్న గ్లాసులో అల్లం దంచి పోసి ఇస్తున్నారు. ఇరానీ చాయ్ తాగిన నాలుకకు అది కషాయంలా తోచింది. గొంతుకు మంచిదని మూడేసి గ్లాసులు తాగాను.

జీపులో అయితే మరీ అన్యాయం. కిటికీలోంచి చలిగాలి కొడుతోంది, అద్దం ఎత్తమని డ్రైవరుకు చేత్తో చూపించాను. “ఈమెకు కడుపుల తిప్పుతున్నదట, పక్కన కూసుంటే నా మీదనే కక్కుతది, నేను ముందటికొస్త” అని అక్క హిందీలో చెప్పి ముందుసీటు ఎక్కేసింది. నోరున్నవాడిదే రాజ్యమని ఊరికే అన్నారా!

దేవప్రయాగలో జీపు ఆపారు. ఒక నది పచ్చగా, ఇంకోటి బూడిదరంగులో వచ్చి, కాసేపు కలవనట్టే పక్కపక్కన నడిచి, తర్వాత కలిసిపోయాయి. జీపులో అందరూ “గంగా మయ్యా కీ జై” అని అరిచారు, నేను దండం పెట్టి ఊరుకున్నాను. పక్కన కూర్చున్న పెద్దాయన నన్ను చూసి, పుట్టుకతోనే మూగా అని అక్కను మెల్లగా అడిగాడు. అక్క ఏమాత్రం తడుముకోకుండా “హౌ, పైదాయిషీ” అంది. ఆయన నా చేతిలో ఒక నారింజపండు పెట్టాడు.

తర్వాత అక్కను గిల్లాను. “ఏం జెయ్యమంటవ్ పిల్లా? గాయనకు డబ్బింగేందో, సోమవారమేందో చెప్పుకుంట కూసుంటే ఊరే దాటిపోతది” అంది. ఆ పండు చాలా తియ్యగా ఉంది, అది వేరే సంగతి.

సారీ ఊరు, దేవరియా చెరువు

సారీ అనేది ఊరు పేరే. కొండ అంచున రాతిపలకల పైకప్పులు, మెట్లుమెట్లుగా గోధుమ పొలాలు, ప్రతి ఇంటి ముందూ కట్టెల పేర్పు. కొండెక్కడానికి కూడిన మా బృందంలో పదిమంది దాకా ఉన్నాం. దారి చూపించే బిష్ట్ భాయ్ మమ్మల్ని అక్కడే కలిశాడు. తక్కువ మాట్లాడే మనిషి, నాతో అందుకే బాగా కుదిరింది.

భోజనంలో మండువా రొట్టె పెట్టారు. మనం చెప్పుకునే రాగులే, నల్లగా, మందంగా, పైన ఇంత వెన్నముద్ద. అక్క మొదటి ముక్కకే “ఇది మన జొన్నరొట్టెకు చెల్లెలు పిల్లా!” అని నాలుగు లాగించింది. పక్కన పెట్టిన చట్నీ భంగు గింజలతో చేసిందని తెలిశాక మాత్రం తినడం ఆపి, తల తిరుగుతోందా అని పావుగంట తనని తానే పరీక్షించుకుంది. గింజల్లో మత్తుండదని బిష్ట్ భాయ్ చెప్పాక, పోయిన కాలానికి కూడా కలిపి తింది. బురాంశ్ అని ఎర్రటి పూలు, మందారాలంత, చెట్టు నిండా. వాటితో షర్బత్ చేస్తారు. చల్లనిది కనుక నాకు నిషేధం. వాసన చూసి గ్లాసు అక్కకిచ్చాను.

దేవరియా చెరువు ఎక్కడానికి కాస్త చెమట పట్టింది. పైకి చేరి చూస్తే, ఎదురుగా మంచుకొండ, చెరువులో తలకిందులుగా ఇంకో మంచుకొండ. అందరూ వెర్రెత్తినట్టు కేకలు పెట్టారు. అక్క అయితే “ఓయమ్మో! ఓరి దేవుడో!” అని తప్ప ఇంకో మాట అనలేక నేలమీద కూలబడింది. కేకలు వృత్తిగా ఉన్న మనిషిని, అక్కడ నోరు మూసుకుని ఉన్నది నేనొక్కదాన్నే. అరవాలనిపించి పొట్టంతా ఉబ్బిపోయింది. అరవలేక ఏడ్చేశాను. సంతోషంతోనే ఏడ్చాను, కానీ కొంచెం ఉక్రోషం కూడా కలిసింది.

చోప్తాలో పార్వతీ దీదీ

చోప్తాలో మా బస ఒక ధాబా వెనక రేకుల గదుల్లో. నడిపేది పార్వతీ దీదీ. యాభై దాటిన మనిషి, తలకు గుడ్డ, ముక్కుకు పెద్ద నత్తు, పొయ్యి దగ్గర కూర్చుని రాజ్యమేలుతుంటుంది. ఈ కొండల్లో ఒక లెక్క ఉంది: ఎత్తు పెరిగేకొద్దీ మ్యాగీ ధర పెరుగుతుంది. రుషీకేశ్‌లో నలభై, చోప్తాలో అరవై, పైన తుంగనాథ్ శివుడి గుడి దగ్గర వంద. అక్క దీదీతో బేరమాడితే, ఆమె వీపున సిలిండరు మోస్తున్నట్టు నడిచి చూపించింది. అక్క నోరు మూసుకుని అరవై ఇచ్చింది.

రాత్రి వంట కాకముందే ఇద్దరూ స్నేహితులైపోయారు. దీదీ గుడ్డ తీయగానే కింద నడుము దాకా జడ. అక్క కళ్ళు మెరిశాయి. సినిమాలో ఏ తలమీదా సొంత జుట్టు ఉండదని చెప్పి, సంచిలోంచి దువ్వెనా పిన్నులూ తీసి, పొయ్యి వెలుగులో దీదీకి పెళ్ళికూతురి జడ వేసేసింది. దీదీ చేతి అద్దంలో చూసుకుని సిగ్గుపడి, ఆ సిగ్గుతో మాకు ఇంకో గరిటె నెయ్యి ఎక్కువ వేసింది.

అంతలో నన్ను చూసింది. ఈమెందుకు మాట్లాడదని అడిగింది. అక్క మళ్ళీ “పైదాయిషీ” అనేసింది. నేను వద్దు వద్దని చేతులు ఊపాను. మూగమనిషి బాధలో చేతులు ఊపుతోందని దీదీ ఇంకా కరిగిపోయి, నా తలను గుండెకు హత్తుకుని ఏడ్చింది. పొద్దున్నే గుప్పెడు బియ్యం, ఒక బురాంశ్ పువ్వు గుడ్డలో కట్టి నా చేతికిచ్చింది. తుంగనాథుడి దగ్గర పెట్టి, నాకు గొంతిమ్మని అడగమంది. తను ఆ రోజంతా ఉప్పు ముట్టనని మొక్కుకుంది.

నాకు తల కొట్టేసినట్టయింది. అక్కవైపు గుడ్లురిమి చూశాను. “ఇప్పుడు చెప్తే పెద్దామె దిల్ ఖరాబైతది. నువ్వు పోయి మొక్కు, ఏం తప్పు గాదు” అని గొణిగింది.

తుంగనాథ్

రాళ్ళు పరిచిన దారి, ఒక్కో మలుపులో ఆయాసం ఇంకాస్త. కంచరగాడిదలు గంటలు మోగించుకుంటూ మనల్ని దాటిపోతాయి, వాటికి దారి ఇవ్వకపోతే అవే తీసుకుంటాయి. ఎదురుపడిన ప్రతివాళ్ళూ, ముక్కూమొహం తెలియకపోయినా, “జై భోలేనాథ్” అంటారు. మన దగ్గర లిఫ్టులో పక్కింటివాళ్ళు కూడా మాట్లాడరు కదా! ప్రతి జైకీ నేను నవ్వి తలూపాను. వందల తలూపుళ్ళకు మెడ పట్టేసింది.

గుడి చిన్నది, నల్లరాతిది, నక్కలా చలిలో ముడుచుకున్నట్టుంది. లోపల దీదీ ఇచ్చిన మూట పెట్టాను. మూగదానికి గొంతిమ్మని దీదీ మొక్కు. ఉన్న గొంతు సోమవారం దాకా నిలపమని నా మొక్కు. ఎలా చూసినా ఇద్దరం అడిగింది ఒకటే కనుక అబద్ధం కాదులే అని సర్దిచెప్పుకున్నాను. కళ్ళు మూసుకుంటే మాత్రం నిజంగానే భయమేసింది. ముప్ఫై అయిదేళ్ళు వచ్చాయి. ఈ పాత్ర పోతే ఇంకొకటి రాదు.

చంద్రశిల

గుడినుంచి పైకి రాళ్ళ దారి లేదు. మట్టి, బండలు, నీడ ఉన్నచోట గట్టిపడ్డ మంచు. చంద్రశిల అనే ఆ శిఖరం కొస చేరేసరికి ఊపిరి ఈలలా వస్తోంది. పైన నిలబడితే నాలుగు వైపులా మంచుకొండలు. ఏ కొండ ఏదో బిష్ట్ భాయ్ చెబుతుంటే అక్క వినకుండా గిరగిరా తిరిగింది, చున్నీ గాలికి వదిలేసింది. “ఇంత మంచు! ఫ్రీగా! షూటింగ్‌ల గింత థర్మాకోల్ కోసం ప్రొడ్యూసర్ ఎంత ఏడుస్తడు!” అని నన్ను వాటేసుకుంది. నాకు కూడా ఒళ్ళు తెలియలేదు. ఇద్దరం చేతులు పట్టుకుని చిన్నపిల్లల్లా గంతులేశాం. నా గంతులకు శబ్దం లేదు, అంతే తేడా.

అంతలో లోయలోంచి మబ్బు లేచింది. బిష్ట్ భాయ్ అందర్నీ తొందరపెట్టాడు. దిగేటప్పుడు నేను చివర ఉన్నాను, ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు గుక్కగుక్కకూ తాగుతూ. అక్క వెనక్కి తిరిగి, “వస్తున్నవా పిల్లా?” అంది. నేను చెయ్యెత్తాను. తను చూసింది. ఆ తర్వాత మబ్బు మా మధ్యకు వచ్చేసింది.

పడ్డాను

మంచుముద్ద మీద కాలు పడింది. జర్రున జారి, దారి పక్కన నిలువెత్తు పల్లంలోకి, రెండు బండల మధ్యకు కూర్చున్నట్టుగా దిగిపోయాను. కుడి మడమ దగ్గర కలుక్కుమంది. ప్రాణం జివ్వుమని నెత్తికెక్కింది.

ఇక్కడ మీరెవరైనా ఏం చేస్తారు? “అమ్మా!” అని అరుస్తారు. ప్రపంచంలో ఏ మనిషైనా అరుస్తాడు. నేను రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాను! పదేళ్ళపాటు పడని బావుల్లో పడ్డట్టు అరిచిన నేను, నిజంగా పడ్డప్పుడు కిక్కురుమనలేదు. పడ్డానని ఎవరికీ తెలియలేదు. బృందం ముందుకు వెళ్ళిపోయింది.

లేవబోయాను, కాలు మోపలేకపోయాను. ఫోనుకు సిగ్నల్ లేదు. సరే, చప్పట్లు కొడదామనుకున్నాను. చేతికి ఉన్ని గ్లవ్స్, దూదిమూటలు కొట్టుకున్నట్టుంది. విప్పి కొడితే వేళ్ళు కొయ్యబారిపోయాయి. ఈల వేద్దామంటే జన్మలో రాలేదు. చివరికి బుర్రలో దీపం వెలిగింది: స్టీలు ఫ్లాస్కు! రాయి తీసుకుని టంగ్ టంగ్ టంగ్‌మని కొట్టాను. అద్భుతమైన శబ్దం.

పైన దారిలో ఎవరో ఆడవాళ్ళు దిగుతున్న అలికిడి. హమ్మయ్య అనుకుని ఇంకా గట్టిగా కొట్టాను. పైనుంచి భక్తిగా జవాబొచ్చింది: “హర్ హర్ మహాదేవ్!” అడుగుల చప్పుడు దూరమైపోయింది. గుడిగంట అనుకున్నారు మహాతల్లులు!

మళ్ళీ ఇంకో గుంపు. మళ్ళీ కొట్టాను. “జై భోలేనాథ్!” ఈసారి ఒకాయన నిలబడి మరీ దండం పెట్టుకున్నట్టున్నాడు, కాసేపు కదల్లేదు. నేను కింద కూర్చుని ఫ్లాస్కు వాయిస్తున్నాను, ఆయన పైన మొక్కుతున్నాడు. నవ్వొచ్చింది. ఒంటరిగా, నోరు మూసుకుని, పడీపడీ నవ్వాను.

నవ్వు ఆగాక చూస్తే పైన అలికిడి లేదు. మబ్బు పాలు పోసినట్టు చిక్కబడింది, నా చెయ్యి నాకే మసగ్గా ఉంది. కూర్చున్న చోటునుంచి చలి వెన్నులోకి పాకింది. పళ్ళు టకటకలాడాయి. అప్పుడు భయమేసింది, నిజం భయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అరిస్తే గొంతు, అరవకపోతే నేను.

మీకో రహస్యం చెప్పాలి. స్టూడియోలో వేసే కేక అంత పెద్దదేం కాదు. ముఖం మైకుకు కాస్త పక్కగా తిప్పి, ఊపిరి పొట్టలోంచి తెచ్చి, గొంతు మీద భారం పడకుండా వదులుతాం. మిగతాది మిషను చూసుకుంటుంది. కొండమీద మిషను ఎక్కడిది? ఇక్కడ అరిస్తే ఉన్నదంతా ఊడ్చి పెట్టాలి. ఆ తర్వాత సోమవారం నోట్లోంచి ఏమొస్తుందో తుంగనాథుడికే ఎరుక.

ప్రాణముంటే కదా సోమవారం వచ్చేది అనుకున్నాను. మఫ్లరు విప్పేశాను.

మొదటిసారి నోరు తెరిస్తే కుయ్యిమంది, అంతే. రెండోసారి కళ్ళు మూసుకుని, పొట్ట లోపలికి లాగి, “సుగుణక్కా!” అన్నాను.

అబ్బ, ఏం కేకండీ అది! ఎదుటి కొండకు కొట్టుకుని తిరిగొచ్చింది. ఇంకో కొండ అందుకుంది. ఎవరెవరో హీరోయిన్ల ప్రాణాల కోసం ఇన్నేళ్ళు అరిచాను. నా ప్రాణం కోసం, నా పెదాల మీదే కనిపించేలా, నాకు కావలసిన మనిషి పేరు పెట్టి అరవడం అదే మొదటిసారి. ఏడుపొచ్చింది. బాగుంది కూడా. అందుకే ఆపలేదు, ఇంకో నాలుగు వేశాను.

పైన దబదబ అడుగులు. “ఆగు, వస్తున్న! ఏడున్నవే?” అని అక్క గొంతు. వెనకే బిష్ట్ భాయ్. ఆ వెనక, హర్ హర్ మహాదేవ్ అని వెళ్ళిపోయిన ఆడవాళ్ళు నలుగురూ, నాలుక కరుచుకుంటూ.

కిందికి

బిష్ట్ భాయ్ పల్లంలోకి దిగి నన్ను భుజాన వేసుకుని పైకి తెచ్చాడు. అక్క ఏడుస్తూనే తిడుతూ, తిడుతూనే తన చున్నీతో నా కాలికి కట్టు కట్టింది.

“గుడి దాకా పోయి సూస్తే నువ్వు లేవు. మళ్ళ ఎన్కకు ఎక్కుతుంటే ఇనబడ్డది. గిది మా వనజ కేకనే అన్న. సిన్మా హాల్ల ఎన్నిసార్లు ఇనలే! పడంగనే ఎందుకు ఒర్రలేదే?”

“గొంతు పోతుందని” అన్నాను. బొంగురుగా వచ్చింది.

అక్క కట్టడం ఆపి నన్ను అలాగే చూసింది. “పదేండ్ల సంది ఒర్రుడే నీ కొలువు. గొంతు ఖరాబ్ గాకుంట ఒర్రుడు నీకన్న ఎవరికెర్క? ఒర్రితే గొంతు పోతదని నువ్వు భయపడ్డవా? నిన్ను సూసి నవ్వాల్నా, ఏడ్వాల్నా?”

రెండూ చేశాం. కానీ ఆ బొంగురు నా చెవిలోనే ఉండిపోయింది.

తుంగనాథ్ నుంచి కంచరగాడిద మీద దిగాను. గుర్రాలు హీరోలకు, మనకిదే ప్రాప్తం. అది లోయ అంచునే నడుస్తుంది, గడ్డి కనబడినచోట ఆగి మరీ తింటుంది. చోప్తా చేరాక పార్వతీ దీదీ నా కాలు చూసి, ఆవనూనెలో పసుపు కాచి తెచ్చి, మడమ పట్టుకుని ఒక్క నొక్కు నొక్కింది.

“అమ్మోయ్!” అన్నాను.

దీదీ చేతిలో గిన్నె జారిపోయింది. “బోల్ పడీ! బోల్ పడీ!” మాట్లాడింది, మాట్లాడింది అని ధాబా అంతా మారుమోగేలా అరిచి, తుంగనాథ్ వైపు తిరిగి నేలకు తల ఆనించింది. టీ తాగుతున్న డ్రైవర్లు లేచి నిలబడ్డారు. నిజం చెప్పబోయాను. అక్క నా చెయ్యి నొక్కింది. ఆ ముసలి ముఖంలో సంతోషం చూశాక నాకూ నోరు రాలేదు. ఆ రాత్రి మొక్కు తీరాక ఆమె మొదటి ఉప్పు ముద్ద నా చేత్తోనే తినిపించాను. ఇప్పటికీ ఆ కొండ మీద నేనొక మహిమనే.

సోమవారం

రుషీకేశ్‌లో డాక్టరు ఎముక విరగలేదు, బెణికిందంతే అని కట్టు మార్చాడు. గొంతు సంగతి అడగలేదు, అడగాలంటే మాట్లాడాలి. మళ్ళీ నోరు మూసేశాను. రైల్లో అక్క కిటికీలోంచి చూస్తూ పెదవి కొరుక్కోవడం చూశాను. తీసుకెళ్ళింది తనేనని దిగులు పడుతోంది పాపం.

సోమవారం ఆటోలో ఫిల్మ్‌నగర్ ఎక్కాం. అక్క భుజం పట్టుకుని కుంటుతూ లోపలికెళ్ళాను. మూర్తిగారు కట్టు చూసి కళ్ళు పెద్దవి చేసి, “ఏమైందమ్మా? గొంతు బాగానే ఉందా?” అన్నారు. ఉందో లేదో నాకే తెలియదు. నవ్వి మైకు దగ్గరికి వెళ్ళాను. కూర్చుని చెబితే ఊపిరి అందదు కనుక ఒంటికాలి మీద నిలబడ్డాను. అద్దం అవతల డైరెక్టరు, ఇంజనీరు, వాళ్ళ వెనక అక్క, చేతిలో చున్నీ నలిపేస్తూ.

తెరమీద హీరోయిన్ తలెత్తింది. నేను నోరు తెరిచాను.

“నేను రాను నాన్నా. నువ్వు వెళ్ళు.”

వచ్చింది! జీర లేదు, వణుకు లేదు. నా గొంతే, తణుకు గొంతే, ఆ అమ్మాయి పెదాల మీద కూర్చుంది. హెడ్‌ఫోనులో నా ఊపిరే నాకు వినబడుతోంది. తర్వాత డైరెక్టరు గొంతు, చాలా మామూలుగా:

“ఓకే. నెక్స్ట్.”

అంతే అన్నాడు. పదేళ్ళలో నాకు ఆ మాట ఎవరూ అనలేదండీ. కేకల మనిషికి నెక్స్ట్ ఎక్కడుంటుంది? కేక వేయగానే “థ్యాంక్స్ అమ్మా, వెళ్ళొచ్చు” అంటారు. కళ్ళలో నీళ్ళు తిరిగి తెర మసకబారింది. తుడుచుకునే తీరిక లేదు, అవతల హీరోయిన్ అప్పుడే మళ్ళీ పెదవి కదిపింది. నెక్స్ట్ చెప్పాను.